మధ్యాహ్నం మాత్రమే మోగే అలారం

1996. దక్షిణాఫ్రికా, డర్బన్ గ్రే స్ట్రీట్‌లో ఒక చీరల కొట్టు పై అంతస్తులో మా అలారం కంపెనీ ఉండేది. కింద గుమాస్తాలు పట్టుచీరలు విప్పి చూపిస్తుంటే పైన మేము సైరన్లు మోగించి చూసుకునేవాళ్ళం. నేను అనకాపల్లి నుంచి వచ్చి అప్పటికి ఏడాది. మా ఆయనకు ఇక్కడి కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం దొరికితే వెంట వచ్చాను. చేతిలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉంది, ఇంట్లో ఊరికే కూర్చునే ఓపిక లేదు. సర్వీస్ టెక్నీషియన్‌గా చేరాను. నిచ్చెన మోసుకొచ్చిన ఆడమనిషిని చూసి కస్టమర్లు "టెక్నీషియన్ ఎప్పుడొస్తాడు?" అని అడిగేవాళ్ళు. "వచ్చేశాడు, చీర కట్టుకోవడం మర్చిపోయాడు" అని చెప్పి నిచ్చెన వేసుకునేదాన్ని. నా మాట తీరు మీద ఫిర్యాదులు వచ్చేవి. నా పని మీద రాలేదు.

ఆ రోజుల్లో అలారం లేని ఇల్లంటే గొళ్ళెం లేని ఇల్లన్నట్టు ఉండేది. దేశం మారింది, రెండేళ్ళ కిందట నల్లవాళ్ళకీ ఓటున్న మొదటి ఎన్నికలు అయ్యాయి, అందరూ అందరితో చేతులు కలుపుతున్నారు. ఇంటికి వెళ్ళి మాత్రం గేటుకి ఇంకో తాళం వేసుకుంటున్నారు. తలుపులకూ కిటికీలకూ సెన్సర్లు పెట్టి, వాటిని ప్యానెల్ అనే ఒక పెట్టెకు కలుపుతాం. ఏది కదిలినా ప్యానెల్ ఫోన్ లైన్ మీద మా కంట్రోల్ రూమ్‌కి కబురు పంపుతుంది. అక్కడినుంచి తుపాకీ పెట్టుకున్న గార్డుతో కారు బయల్దేరుతుంది. దాన్ని ఆర్మ్‌డ్ రెస్పాన్స్ అంటారు. ఇదే వ్యవస్థకు నడవాలో ఒక స్మోక్ డిటెక్టర్ కూడా తగిలించేవాళ్ళం. పొగ వచ్చినా వెళ్ళేది ఆ తుపాకీ కారే. నిప్పు మీద తుపాకీతో ఏం చేస్తాడని అడిగితే మా బాసు రెజ్జీ, "నీలాగా కస్టమర్లు అడగరు, అందుకే మనకి జీతాలు వస్తున్నాయి" అన్నాడు.

డిటెక్టర్ సంగతి కొంచెం చెప్పాలి. దాని లోపల అగ్గిపెట్టె అంత గది ఉంటుంది; చాంబర్ అంటాం. అందులో ఉండీ లేనట్టు కొంచెం కరెంటు ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. పొగ దూరితే ఆ కరెంటు తగ్గుతుంది, తగ్గగానే సైరన్ మోగుతుంది. వచ్చింది పొగా, స్నానాల గది ఆవిరా, ఎండుమిరపకాయల పోపా అన్నది దానికి అనవసరం. లోపలికి ఏదో దూరింది, అంతవరకే దానికి తెలుసు. మనవాళ్ళ ఇళ్ళలో అది ఊరికే మోగేది. శనివారం సాంబ్రాణికి మోగేది. చలికాలంలో చెరుకు కొయ్యబోయే ముందు తోటలు తగలబెడితే ఆ మసికి వీధి వీధంతా మోగేది. ఇవన్నీ ఫాల్స్ అలారాలు. ఒకే ఇంట్లో మళ్ళీ మళ్ళీ మోగితే జాబ్ కార్డు మీద "యూజర్ ఫాల్ట్" అని రాయమనేవాడు రెజ్జీ. అంటే తప్పు ఇంటివాళ్ళది. ఇంకా మోగితే లైన్ తెంచెయ్యడమే.

ఆ వేసవిలో నాకు ఒట్టావాలో ఒక ఇల్లు తగిలింది. కెనడాలోది కాదు; డర్బన్‌కి ఉత్తరాన వెరులం పక్కన, ఒకప్పటి చెరుకు భూముల మీద లేచిన కాలనీ. ఇంటాయన అప్పలసామి, రిటైరైన హెడ్మాస్టర్. ఓడెక్కి చెరుకు కూలికి వచ్చిన ముత్తాత పేరు ఆ కుటుంబానికి ఇంటిపేరై నిలిచింది. ఆయన చక్కటి ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడడు. ఆయన భార్య కమలా ఆంటీకి మాత్రం అత్తగారి దగ్గర నేర్చుకున్న ముక్కలు కొన్ని ఉన్నాయి.

"రా మై గర్ల్, కూకో. ఇండియా పిల్లవా? ఒలమ్మ, మా అత్త ఉంటే నిన్ను ఒగ్గదు. నాకు ఎంత తెలుగు ఉంది? తిట్టేది ఉంది, దేవుడి పాట ఉంది, తిండి ఉంది. అంతే ఉంది."

"ఆంటీ, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ళు కూడా వాడేది ఆ మూడే."

ఆవిడ నవ్వింది. అప్పలసామి నవ్వలేదు. నేను వెళ్ళేసరికే ఆ ఇంట్లో తీర్పు అయిపోయింది. నన్ను పిలిచింది ముద్ర వెయ్యడానికి.

"కారణం మాకు తెలుసు," అన్నాడాయన. "మధ్యాహ్నం మేమిద్దరం ఉండం. నాకు కాలనీ కమిటీ పనులు, ఆవిడకు గుడి. ఎప్పుడు మోగినా మధ్యాహ్నమే. ఇంట్లో ఉండేది మా పనిమనిషి థోకో ఒక్కతే. నా నడవాలో ఇంఫేఫో కాలుస్తోంది."

ఇంఫేఫో ఒక ఎండుటాకు. ఇక్కడి నల్లవాళ్ళలో జూలూవాళ్ళు చనిపోయిన పెద్దల్ని పిలుచుకోవడానికి కాలుస్తారు. మన సాంబ్రాణి అనుకోండి.

"మీరు చూశారా?"

"చూడడం ఎందుకు? మోగినప్పుడు ఇంట్లో ఉన్నది ఆవిడ."

"ఫ్రిజ్ కూడా ఉంది కదండీ ఇంట్లో."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. బడిలో పిల్లల్ని ఇలాగే భయపెట్టి ఉంటాడు. "చూడు లేడీ. నేను ఎవర్నీ ఊరికే పనిలోంచి తియ్యను. మీటింగుల్లో న్యాయం గురించి మాట్లాడేవాణ్ణి, ఇంట్లో అన్యాయం చెయ్యలేను. అందుకే టెక్నికల్‌గా రాసివ్వమంటున్నాను. పొగ వల్ల మోగిందని రాయి, చాలు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమని ఆవిడకి చెప్పేశాను."

అన్యాయానికి రసీదు కావాలనే మనిషిని నేను అప్పుడే చూడడం. పని చూశాక రాస్తానని చెప్పి పెరట్లోకి వెళ్ళాను.

థోకో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. యాభై దాటిన మనిషి. పెరట్లో ఒంటి గది, దాని తలుపుకి గీతల కర్టెన్. కమలా ఆంటీ అత్తగారికి, ఇంట్లో అందరూ అవ్వ అని పిలిచే ఆవిడకి, చివరిదాకా నీళ్ళు పోసింది, అన్నం తినిపించింది ఈవిడే. అవ్వ దగ్గర పట్టుబడిన తెలుగు ముక్కలు ఆ ఇంటి హెడ్మాస్టర్ కంటే ఈవిడ దగ్గరే ఎక్కువున్నాయి. నాతో మాట్లాడింది మాత్రం ఇంగ్లీషులో.

"ఇంఫేఫో కాలుస్తావా?"

"కాలుస్తాను మాడమ్. ఆదివారం. నా గదిలో, నేల మీద."

"ఇంట్లో కాల్చవా?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను చూసింది. "మా అమ్మకి నా గది తెలుసు. ఈ ఇంటి నడవా ఆవిడకేం తెలుసు? అక్కడ కాల్చి పిలిస్తే వచ్చేది వీళ్ళ పెద్దలు. వాళ్ళ బట్టలు ఉతికింది చాలదా, మళ్ళీ పిలుస్తానా?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"నెలాఖరుకి ఎక్కడికి వెళ్తావు?"

"నా ఇల్లు కొండ అవతల ఉండేది. ఎన్నికల ముందు గొడవల్లో కాల్చేశారు. ఏ పార్టీవాళ్ళని అడక్కండి మాడమ్, కాలాక గోడ మీద రంగు కనపడదు." మళ్ళీ ఇస్త్రీ మొదలుపెట్టింది. "నేను అప్పుడు అక్కడ లేను. ఈ ఇంటి మిస్సిస్ వెళ్ళొద్దంది. ఎవరైనా వస్తే గేటు దగ్గర నువ్వు జూలూలో మాట్లాడు, నువ్వుంటే మాకు భయం ఉండదు అంది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇక్కడికి ఎవరూ రాలేదు. అక్కడికి వెళ్ళారు."

అంటే ఆ గది పోతే ఆమెకి ఇంకో కప్పు లేదు. నెలాఖరు ఎంతో దూరం లేదు.

నేను జాలితో రిపోర్టులు రాయను. నడవాలో నిచ్చెన వేసి డిటెక్టర్ విప్పాను. పొగ తగిలిన డిటెక్టర్ లోపల బీడీలు తాగేవాడి వేళ్ళలా పచ్చగా మడ్డి కట్టి ఉంటుంది. ఇది పాలలా తెల్లగా ఉంది. చాంబర్ ఊడదీసి అరచేతిలో తట్టాను. గోధుమరంగు పురుగులు నాలుగైదు రాలాయి, ఒకటి ఇంకా నడుస్తోంది. ముందు పొడుగాటి ముక్కు. అనకాపల్లిలో పుట్టినదానికి ఆ ముక్కు ఎవరూ పరిచయం చెయ్యక్కర్లేదు. చేటలో బియ్యం పోసుకుని వీటిని ఏరుతూనే పెరిగాను.

బియ్యప్పురుగు చాంబర్లోకి దూరితే కరెంటు తగ్గుతుంది, సైరన్ మోగుతుంది. అది సరే. కానీ నడవా సీలింగుకి బియ్యప్పురుగు ఎందుకొచ్చింది? వంటింటికి వెళ్ళి బియ్యం డబ్బా చూశాను. గట్టి మూత, లోపల మచ్చ లేని బియ్యం. మళ్ళీ నిచ్చెనెక్కాను. డిటెక్టర్ వెనక వైరు దిగే గొట్టం ఉంటుంది, కాండ్యూట్ అంటాం. బిగించిన తరువాత ఆ రంధ్రం చుట్టూ సందులు మూసే సీలెంట్ పెట్టాలి. మా కంపెనీవాడు పెట్టలేదు. వేలు పెడితే పైనుంచి వేడిగాలి తగిలింది. మధ్యాహ్నం పెంకులు కాలి అటక పొయ్యిలా అయినప్పుడు పురుగులు చల్లటి చోటు వెతుక్కుంటూ ఆ రంధ్రంలోంచి దిగుతున్నాయి. అందుకే మధ్యాహ్నం. థోకో ఇంట్లో ఉండడానికీ మోగడానికీ ఉన్న సంబంధం మధ్యాహ్నం అన్నది ఒక్కటే.

అటక తలుపు నడవాలోనే ఉంది. దానికి తాళం.

"తాళంచెవి కావాలండీ."

"పైన ఏమీ లేదు," అన్నాడు అప్పలసామి. "నీళ్ళ పైపులు."

అరచెయ్యి చాపాను. "మరి ఇవి పైపులు తిని బతుకుతున్నాయా?"

చూశాడు. ముఖంలో రంగు మారింది. "ఆ రంధ్రం మూసెయ్యి. కొత్త డిటెక్టర్ పెట్టు. పని అయిపోతుంది కదా."

"మరి థోకో?"

"అది వేరే విషయం."

"వేరే ఎలా అవుతుంది? పొద్దున మీరే కదా రెండూ ఒకటన్నారు. పైన ఏముందో చూడకుండా నేను కార్డు మీద సంతకం పెట్టను. సంతకం లేకపోతే మా వాళ్ళు లైన్ తెంచుతారు."

ఇది బెదిరింపే, కాదనను. లైన్ లేకుండా ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేడు. సిగ్గూ భయమూ ఆయన ముఖం మీద కాసేపు పెనుగులాడాయి. వంటింట్లో కుళాయి ఆగింది. కమలా ఆంటీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"తాళం ఇయ్యి," అంది. "రెండేళ్ళు నా నెత్తి మీద పెట్టినావు. కింద దీపం నేను పెడతాను, పైన చూస్తే నాకు నిద్ర రాదు. ఇయ్యి."

ఆయన తాళాల గుత్తిలోంచి ఒకటి తీసి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

అటకలో నిలబడే వీలు లేదు. టార్చి వేసి మోకాళ్ళ మీద పాకాను. బియ్యం బస్తాలు, పప్పు బస్తాలు, చేపల డబ్బాలు, కొవ్వొత్తుల పెట్టెలు, నీళ్ళ క్యాన్లు. బస్తాల మీద ఎండి పొడైన ఆకులు. పురుగు పట్టకుండా వేపాకు వేశామనుకున్నారు పాపం. ఇక్కడివాళ్ళు వేప అని మొక్కేది సిరింగా చెట్టుకి. మన దగ్గర దాన్ని తురకవేప అంటాం. పురుగులు ఆ ఆకుని లెక్కచేసినట్టు లేదు. గోనె మీద చెయ్యి వేస్తే లోపల గుసగుసమని కదిలింది. ఆ పక్కనే, సరిగ్గా నా డిటెక్టర్ పైన, కిరోసిన్ డబ్బాలు. ఒక డబ్బా మూత దగ్గర చెమర్చి ఉంది. కింద ఇంటికి పొగ వస్తే చెప్పే యంత్రం, పైన ఇల్లంతటినీ కాల్చే సరుకు. ఈ వృత్తిలో అంతకంటే చెడ్డ దృశ్యం నేను చూడలేదు.

దిగివచ్చాక ఆంటీ వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది. "ఎలెక్షన్ ముందు అందరూ కొన్నారు. షాపులు ఖాళీ. లైట్లు పోతాయి, నీళ్ళు పోతాయి, వాళ్ళొచ్చి కాల్చేస్తారు అన్నారు. తరవాత ఏటీ అవ్వలేదు. పక్కింటోళ్ళు దించి వండుకుని తిన్నారు, నవ్వుకున్నారు. ఈయన మీటింగ్‌లో ఏటి చెప్పినాడు? భయం వద్దు, బియ్యం దాచొద్దు, మనం వాళ్ళు ఒకటే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఇంకెలా దించుతాడు? దించితే థోకో చూస్తాది."

"మధ్యాహ్నం మోగేది దీనివల్లేనని మీకు అనిపించలేదా?"

"పురుగు సైరన్ కొడతాదని నాకేటి తెలుసు?"

అది నిజమే.

కిరోసిన్ దించకపోతే సంతకం లేదన్నాను, బస్తాలు దించకపోతే మళ్ళీ మోగుతుందన్నాను. రెండూ సాంకేతికంగా సరైన మాటలు. పైన నేను, కింద అందుకోవడానికి ఎవరు? ఆయనకి మోకాలి నొప్పి. కమలా ఆంటీ ఆలోచించలేదు. ఇన్నేళ్ళ అలవాటు. పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి, "థోకో, వచ్చి పట్టుకో," అని పిలిచేసింది. పిలిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే థోకో నిచ్చెన కింద నిలబడి ఉంది.

మొదటి బస్తా చేతుల్లోకి తీసుకుని, చిరుగులోంచి రాలుతున్న పురుగుల్ని చూసి, "ఏటమ్మా ఇది?" అంది. చనిపోయిన అవ్వ మాట, అవ్వ యాస. ఆమె బస్తా గోడకి ఆనించింది. పప్పు అందుకుంది, కొవ్వొత్తులు అందుకుంది, కిరోసిన్ పెరట్లో నీడలో పెట్టి వచ్చింది. ఒక్కొక్కటీ దిగుతుంటే ఆమె ముఖం ఇల్లు ఖాళీ చేసినట్టు ఖాళీ అయిపోతోంది.

చివరికి ఒక గోనెసంచి మిగిలింది. బరువుగా ఉంటే జాగ్రత్తని చెప్పి అందించాను. అడుగు చిరిగి లోపలివి నేల మీద పడ్డాయి. రెండు ఇనుప గడియలు, లావుపాటివి, కొత్తవి, ఇంకా కాగితం చుట్టి ఉన్నాయి. థోకో ఒకటి చేతిలోకి తీసుకుంది. ముందు తలుపు చూసింది. దానికి ఎప్పటినుంచో ఉక్కు గ్రిల్ ఉంది. వంటింటి తలుపు చూసింది. దానికి ఏమీ లేదు. ఆ తలుపు అవతల ఉన్నది పెరడు, పెరట్లో ఉన్నది ఆమె గది.

"ఇది ఏ తలుపుకి, సర్?"

అప్పలసామి కిటికీలోంచి వీధి వైపు చూస్తున్నాడు.

"నేను గేటు దగ్గర కూర్చున్నప్పుడు ఇవి పైనే ఉన్నాయా?"

"అందరూ కొన్నారు, థోకో," అంది కమలా ఆంటీ. "వెయ్యలేదు కదా. ఒక్కరోజూ వెయ్యలేదు."

థోకో గడియని కాగితంలో మళ్ళీ చుట్టింది, ఎలా ఉందో అలాగే, మడతలు చూసుకుంటూ. బల్ల మీద తాళంచెవి పక్కన పెట్టింది. చీపురు తెచ్చి పురుగులు ఊడ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పొగ కాదట. నెలాఖరుకి నువ్వు వెళ్ళక్కర్లేదు."

"పొగ కాదని నాకు తెలుసు, సర్."

రంధ్రం మూసి, కొత్త డిటెక్టర్ పెట్టి, మోగించి చూసి, వ్యాను దగ్గరికి వస్తే ఆమె గేటు తియ్యడానికి వచ్చింది. కార్డు మీద ఏం రాశానని అడిగింది.

"పురుగులు. రంధ్రం మూయలేదు, తప్పు మాది. పొగ ఆనవాలు లేదు."

"నా పేరు ఉందా?"

"లేదు. అలా రాసే వీలుండదు."

"అయితే నా మీద పడిన మాటా కాగితం మీద లేదు, పోయిన మాటా లేదు." గేటు తీసి పట్టుకుంది. "పోన్లెండి మాడమ్. జాగ్రత్తగా వెళ్ళండి."

నేను గెలిచానని అనుకుంటూ డర్బన్ దాకా వ్యాను నడిపాను. రెజ్జీకి వాదన మొత్తం వినిపించాను.

చలికాలంలో మామూలు సర్వీసుకి మళ్ళీ వెళ్ళాను. తలుపు తీసింది ఎవరో చిన్న వయసు జూలూ అమ్మాయి, నన్ను ఎవరని అడిగింది. పెరటి గదికి గీతల కర్టెన్ లేదు. కమలా ఆంటీ టీ పెట్టింది గానీ నా ఎదుట కూర్చోలేదు.

"ఎల్లిపోనాది. ఆయనే పంపినాడు," అంది. "థోకో అన్నం పెడితే తినడు. ప్లేటు చూస్తాడు, ఒగ్గేస్తాడు. ఆమె ఎదర వస్తే ఈయన గదిలోకి పోతాడు. ఆమె ఏటీ అన్లేదు, మై గర్ల్. ఒక్క మాట అన్లేదు. అంటే ఉంచునేమో. మంచి మాటే రాసిచ్చి పంపినాడు, నిజాయితీ మనిషి, శుభ్రమైన మనిషి అని. షేమ్."

షేమ్ అంటే ఇక్కడివాళ్ళకి పాపం అని. ఎక్కడికి వెళ్ళిందని అడిగితే షాకాస్‌క్రాల్ వైపు ఎవరో చుట్టాలున్నారని ఆవిడ అనుకుంటోంది. ఖాయంగా తెలీదు. నేను ఆ వైపు పనికి వెళ్ళినప్పుడల్లా బస్టాపుల్లో చూశాను. కనపడలేదు.

నిచ్చెనెక్కి డిటెక్టర్ టెస్ట్ బటన్ నొక్కాను. బాగానే మోగింది. ఆ వేసవి తరువాత ఆ ఇంట్లో ఫాల్స్ అలారం ఒక్కటి కూడా లేదు. మా రికార్డుల్లో అది బాగుపడిన ఇల్లు.

రెజ్జీ అన్నది మీకూ అనిపిస్తూ ఉండొచ్చు. "రంధ్రం మూసి, పురుగులని రాసి, నోరు మూసుకుని వచ్చేస్తే ఆవిడ ఉద్యోగం ఉండేది," అన్నాడు. కారుతున్న కిరోసిన్ కింద ముగ్గురు మనుషుల్ని పడుకోబెట్టి నేను రానని అన్నాను. అందులో థోకో కూడా ఉంది కదా అన్నాను. ఆమె పడుకునేది పెరట్లో అని గుర్తుచేశాడు. మేమిద్దరం ఇప్పటికీ దీని మీద వాదించుకుంటాం. అతను రిటైరయ్యాడు, నాకు చత్వారం వచ్చింది, వాదన మాత్రం అక్కడే ఉంది. పొగ కారణంగా పోవలసిన ఉద్యోగాన్ని నేను నిలబెట్టాను. ఆమె అటక సరుకు చూసిన కారణంగా పోయిన ఉద్యోగానికి నా దగ్గర పనిముట్టు లేదు.

ఆ కేసు నుంచి నేను నేర్చుకున్నది గొప్పదేమీ కాదు. ఇప్పుడు ఏ ఇంట్లో డిటెక్టర్ ఊరికే మోగినా ముందు అటక చూస్తాను. అటక తాళం తీసే ముందు ఇంకో పని కూడా చేస్తాను. ఆ ఇంట్లో పనిచేసే మనిషిని ఏదో ఒక నెపం మీద బజారుకి పంపించమంటాను. బ్యాటరీ కావాలంటాను, టేపు కావాలంటాను. పైనుంచి ఏం దిగినా ఆ మనిషి తిరిగొచ్చేలోపు దించి, ఊడ్చి, గోనెలు కట్టించేస్తాను. నాతో పనిచేసే కుర్రవాళ్ళు, వ్యాన్లో బ్యాటరీలు ఉన్నాయి కదా మాడమ్, అంటారు.

ఉన్నాయిలే, పంపించు అంటాను.